మూడెందుకు కాదు?

కొలెస్టరాల్ రిపోర్టు పట్టుకొచ్చేవాళ్లలో చాలామందికి ఒంట్లో ఏ బాధా ఉండదు. చిక్కంతా అక్కడే. నొప్పి ఉంటే మాత్ర దానంతటదే గుర్తొస్తుంది. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్టరాల్ 170 ఉన్నా అన్నం సయిస్తుంది, నిద్ర పడుతుంది. కొన్నాళ్లు దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకుని, అంకె తగ్గగానే నయమైపోయిందనుకుని ఆపేసేవాళ్లు బోలెడు. ఆపిన కొద్ది వారాలకే అంకె మళ్లీ మొదటికొస్తుంది.

ఇలాంటప్పుడు బెదరగొట్టడమే మనకలవాటైన వైద్యం. పైగా మన దగ్గర పేషెంటు ఒంటరిగా రాడు. "ఈయన ఏదీ మానరు డాక్టరుగారూ, గట్టిగా చెప్పండి" అని భార్య అందుకుంటుంది. ఆయన వెంటనే ప్లీడరైపోతాడు: మా నాన్న రోజూ నెయ్యి తిని ఎనభై ఏళ్లు బతికాడండీ! మనం గొంతు పెంచేకొద్దీ ఆయనా పెంచుతాడు. చివరికి తన వాదన తనకే నచ్చేస్తుంది.

అమెరికన్ సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లో తాగుడు సమస్య ఉన్నవాళ్ల గురించి రాసిన వ్యాసం దీనికి వేరే దారి చూపింది. 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకమూ రాశారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు దీన్ని. మారడానికి కారణాలు పేషెంటు నోటే రావాలి, అంతే.

అందులో నాకిష్టమైంది అంకెల ప్రశ్న. "రోజూ మాత్ర వేసుకోవడం మీకెంత ముఖ్యం? సున్నా నుంచి పది లోపు చెప్పండి." ఐదంటాడు. ఎనిమిదెందుకు కాదంటే సాకులొస్తాయి. మూడెందుకు కాదని అడగాలి.

ఓ కిరాణా కొట్టాయన ఈ ప్రశ్నకు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మా తమ్ముడికి స్టెంటు వేశారండి. నాకన్నా ఆరేళ్లు చిన్నోడు." భార్య ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను. ఏం చేయగలరని అడిగితే ఆయనే తేల్చాడు: "సాయంత్రం బజ్జీ మానలేను. మాత్రలు గల్లాపెట్టెలో పెట్టుకుని, రాత్రి లెక్క చూసేటప్పుడు వేసుకుంటా."

బజ్జీ సంగతి నేనెత్తలేదు. ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పు ఐదో వంతు తగ్గుతుందని స్టాటిన్ ట్రయల్స్ తేల్చాయి. బజ్జీ ఒక్కటి మానితే అంత తగ్గదు, మాత్రతో తగ్గుతుంది.

ఈ మాట్లాడే పద్ధతేమీ మంత్రం కాదు. కొలెస్టరాల్ మీద దీని ఫలితం అన్ని ట్రయల్స్‌లోనూ ఒకేలా రాలేదు. పైగా బయట టోకెన్లు పిలుస్తుంటే ఓపిగ్గా వినడమూ కష్టమే. ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్ల దగ్గర మందు అవసరమా కాదా అన్న బేరం నేను పెట్టను. రోజులో ఏ వేళ వేసుకుంటే మర్చిపోరో అదే అడుగుతాను.