వంటింటి నరకం ఎవరికి వినోదం?

గోర్డన్ రామ్సే ఎదుగుదల కట్టుకథ కాదు. 1966లో స్కాట్లండులో సామాన్య కుటుంబంలో పుట్టాడు. ఫుట్‌బాల్ ఆశ గాయంతో కూలిపోతే పొయ్యి ముందు నిలబడ్డాడు. లండన్‌లో మార్కో పియర్ వైట్ దగ్గర పని నేర్చాడు. 1998లో సొంత రెస్టారెంట్ తెరిచి, 2001లో దానికి మూడో మిషెలిన్ నక్షత్రం సాధించాడు. ఆ పనితనాన్ని గౌరవించవలసిందే.

కాని లోకమంతటా అతన్ని ప్రసిద్ధుణ్ణి చేసింది చేయి కాదు, నోరు. 2004లో బ్రిటన్‌లో, 2005లో అమెరికాలో మొదలైన 'హెల్స్ కిచెన్' టెలివిజన్ పోటీ అమ్మే సరుకు వంటకం కాదు. పనిమనిషి తిట్లు తింటూ తలవంచుకు నిలబడే దృశ్యం. అమెరికా పోటీలో గెలిచినవారికి ప్రకటించే ముఖ్య బహుమతి ఒక రెస్టారెంట్‌లో ప్రధాన వంటవాడి ఉద్యోగం! అంటే బతుకుతెరువే బహుమతి, అవమానం దానికి ప్రవేశ రుసుము.

1933లో వెలువడిన ఆర్వెల్ పుస్తకంలో పారిస్ హోటల్ నేలమాళిగలో అంట్లు తోమేవాడే కథ చెబుతాడు. పని గంటలు, కూలి, చెమట అన్నీ అతని కళ్లతో చూస్తాం. టెలివిజన్ వంటింట్లో ఆ ప్రశ్నలకు చోటు లేదు. మాంసం మాడితే తప్పు మనిషిదే, పని పరిస్థితులది ఎన్నటికీ కాదు.

ఈనాడు తిట్లు తిన్నవాడు రేపు తిట్టగలగడాన్నే ఈ పోటీ 'ఎదుగుదల' అంటుంది. తిట్టనిదే పని రాదన్న సూత్రం పాకశాస్త్రంలోది కాదు, యజమాని శాస్త్రంలోది. నవ్వుతూ చూసే ప్రేక్షకుడు, తన మేస్త్రీ తిట్టినప్పుడు దాన్ని గుర్తుపట్టాలి.