ప్రార్థనలో చీవాట్లు

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల కొండ దగ్గర మరియమాత ఉత్సవాలు. పుట్టువెంట్రుకలు తీయించేవాళ్లు, చెవులు కుట్టించేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు... మతం తేడా లేకుండా వస్తారు. 1924లో ఇటలీ ఫాదర్ అర్లాటి ఇక్కడ లూర్దుమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించినప్పుడు ఆయన చూసుకుంటున్నది అనాథ పిల్లల ఆశ్రమం. అందుకే ఈ కొండ దగ్గర పిల్లల కోసం మొక్కడం నాకెప్పుడూ సహజంగానే తోస్తుంది.

కొండ మీద మొక్కు ఏడాదికోసారి. ఇంట్లో జపమాల రోజూ. చిక్కంతా అక్కడే. మార్చిలో పరీక్షలు దగ్గర పడేకొద్దీ మన ప్రార్థనలు మారిపోతాయి. “తల్లీ, మావాడికి ఫోన్ పిచ్చి వదిలించు, లెక్కల మీద మనసు పెట్టించు.” మాట మరియమ్మతో, గురి మాత్రం పక్కన కూర్చున్నవాడి మీద. అమ్మ మామూలుగా తిడితే ఎదురు చెప్పొచ్చు. ప్రార్థనలో తిడితే ఆమెన్ అనాల్సిందే. అలా కొన్నాళ్లు గడిస్తే వాడికి ప్రార్థనంటేనే విసుగు పుడుతుంది.

జపమాలలో సోమ, శనివారాల్లో సంతోష దేవరహస్యాలు చెప్పుకుంటాం. ఐదోది, పన్నెండేళ్ల యేసు తప్పిపోయి మూడో రోజున దేవాలయంలో దొరకడం. కొడుకు కనబడగానే మరియమ్మ దేవుడికి ఫిర్యాదు చేయలేదు. ఎందుకిలా చేశావని కొడుకునే అడిగింది. వాడూ జవాబిచ్చాడు. ఆ జవాబు ఆమెకు అర్థం కాలేదని లూకా దాచకుండా రాశాడు. అయినా దాన్ని మనసులో పెట్టుకుంది. తల్లీ తండ్రీ కొడుకూ ముగ్గురూ కలిసి నజరేతుకు వెళ్లారు.

తిట్టాల్సింది ఉంటే అన్నాల దగ్గరో, చదువుల బల్ల దగ్గరో ముఖాముఖి తిట్టండి. జపమాల దగ్గర మాత్రం ఒక్కో దేవరహస్యాన్ని ఒక్కో పిల్లవాడికి అప్పజెప్పండి. ప్రతి ప్రార్థనలో మొదటి సగం వాడు చెబుతాడు, రెండో సగం మనం అందుకుంటాం. పొద్దస్తమానం మనం చెప్పడం, వాళ్లు తలూపడమేగా! ఆ కాసేపైనా వరస తిరగబడుతుంది. ఏ ఉద్దేశం కోసం ప్రార్థించాలో కూడా వాడినే చెప్పనివ్వండి. క్లాసులో ఎవరితో మాటల్లేవో, ఏ పరీక్షంటే భయమో అప్పుడు బయటికొస్తుంది. విన్నదాన్ని మర్నాడు వాడి మీదే సాక్ష్యంగా వాడకూడదు. అలా వాడితే ఆ నోరు మళ్లీ తెరుచుకోదు.

“నాన్నకు కోపం తగ్గాలి” అని వాడి ఉద్దేశాల్లో వినబడిందా? ఆమెన్ అనాల్సిన వంతు ఈసారి మనది.