స్టీరింగ్ చివరి పాఠం

లారీ నడపడం నేర్పే బడులు మన దగ్గర రెండు రకాలు. మొదటిది డ్రైవింగ్ స్కూలు. డబ్బు కట్టిన మర్నాడే స్టీరింగు చేతికిస్తుంది. రెండోది క్లీనర్ పని. అందులో చేరినవాడికి ముందు దొరికేది బకెట్టు, గుడ్డ, టైర్లు కొట్టి చూసే ఇనపరాడ్డు. తర్వాత తాళ్లు, టార్పాలిన్లు. ఆ తర్వాత జాకీ, స్పానర్లు. ఇంకొన్నాళ్లకు రివర్సులో దారి చూపే పని. ఇవన్నీ అయ్యాక ఏ రాత్రో, ఏ పెట్రోలు బంకు ఆవరణలోనో, డ్రైవరు భోంచేసి నులకమంచం మీద నడుం వాలుస్తూ "బండి కాస్త పక్కకు తీసి పెట్టరా" అంటాడు. స్టీరింగు చేతికొచ్చేది అప్పుడే.

ఈ వరుసను ఎవరూ కూర్చుని రాయలేదు. పనిలోంచి దానంతటదే పుట్టింది. అయినా అందులో గట్టి బోధనాపద్ధతి ఉంది. పది చక్రాల లారీ లోడుతో కలిపి 28.5 టన్నుల దాకా తూగవచ్చని 2018లో కేంద్రం అనుమతించింది. అంత బరువును ఆపడం, తిప్పడం, దించడం ఎలాగో సీట్లో కూర్చుంటేనే అర్థమైపోదు. ముందు బండి బయట నిలబడి చూడాలి, కిందికి దూరి చూడాలి, చేత్తో తాకి చూడాలి. క్లీనర్ చదువంతా ఈ సూత్రం మీదే నడిచింది.

బండి చుట్టూ తిరిగే చదువు

తెల్లవారుజామున బండి కదిలేముందు క్లీనర్ రాడ్డు పట్టుకుని ఒక చుట్టు తిరుగుతాడు. ప్రతి టైరు మీదా ఒక దెబ్బ. గాలి నిండుగా ఉంటే రాడ్డు ఎగిరిపడుతుంది, చప్పుడు గట్టిగా వస్తుంది. గాలి తగ్గితే దెబ్బ మెత్తగా దిగబడుతుంది. వెనక జంట చక్రాల్లో లోపలి టైరును ఇలా కొట్టి చూడకపోతే పంక్చరయిన సంగతే తెలియదు, ఎందుకంటే బయటి టైరు బరువంతా మోస్తూ బండిని నిలబెట్టే ఉంచుతుంది. అలాగే నడిపితే అది వేడెక్కి ఎండ వేళ హైవే మీద పేలిపోతుంది. ఆ రెంటి మధ్యా ఇరుక్కున్న రాయిని తీయడం కూడా ఈ చుట్టులోనే. వేగంలో ఆ రాయి ఊడి ఎగిరితే వెనక వచ్చే కారు అద్దం పగులుతుంది.

ఆ తర్వాత ఇంజన్ ఆయిలు, రేడియేటర్ నీళ్లు, కమాన్ పట్టీల్లో ఏదైనా విరిగిందా, చక్రాల నట్ల చుట్టూ తుప్పు గీత కనిపిస్తోందా. తుప్పు గీత ఉంటే నట్టు వదులైందన్నమాట. ఎయిర్ ట్యాంకుల అడుగున చేరిన నీటిని వాల్వు తెరిచి వదిలేస్తాడు. లారీ బ్రేకు పట్టేది గాలితో. ఆ గాలిలో తేమ పేరుకుంటే వాల్వులు తుప్పు పట్టి మొరాయిస్తాయి.

దారిలో టీ కోసం ఆగినప్పుడు మంచి క్లీనర్ గ్లాసు అందుకునే ముందు హబ్బుల దగ్గర అరచేతి వెనక వైపు పెట్టి చూస్తాడు. మిగిలినవన్నీ గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం కాలిపోతుంటే ఆ చక్రం బ్రేకు వదలడం లేదు, లేదా బేరింగులో గ్రీజు అయిపోయింది. డాష్‌బోర్డు మీద దీనికి దీపం ఉండదు. చేతికి తెలియాల్సిందే.

రానీ... రానీ... హోల్డాన్

కొత్తగా లారీ నేర్చుకునేవాణ్ని అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది రివర్సు. క్లీనర్‌గా పెరిగినవాడికి అది సగం ముందే వచ్చేసి ఉంటుంది. మార్కెట్ యార్డుల్లో, గోదాముల ముందు, సందుల్లో వెనక నిలబడి "రానీ రానీ" అని కేకేస్తూ బాడీ మీద చరుస్తూ అతను ఎన్నో లారీలను లోపలికి పంపి ఉంటాడు. స్టీరింగు ఎంత తిప్పితే వెనక భాగం ఎటు, ఎంత ఆలస్యంగా కదులుతుందో బయటి నుంచి చూసి ఉంటాడు. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే ఎడమకు తిరిగే లారీ ముందు కొంచెం కుడికి జరిగినట్టు కనిపిస్తుంది. వెనక యాక్సిల్‌కు అవతల పొడుచుకొచ్చిన బాడీ అదే సమయంలో బయటివైపు ఊగుతుంది. పక్కన ఆగిన స్కూటరుకు తగిలేది ఆ తోకే. ఈ రెండూ సీట్లోంచి కనిపించవు. వెనక నిలబడి చూసినవాడి కళ్లకు మాత్రం అచ్చు పడిపోతాయి.

నడిచే బండిలో క్లీనర్ ఎడమవైపు కన్ను. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ తలుపు కింద నడిచే మనిషి, ఆనుకుని వచ్చే బైకు అతనికి కనపడవు. క్లీనర్ తల బయటపెట్టి చూసి "పోనీ" అంటేనే ఎడమకు జరిగేవారు. ఖర్చు తగ్గించుకోవడానికి ఇప్పుడు చాలా బళ్లు క్లీనర్ లేకుండానే తిరుగుతున్నాయి. ఆ కన్ను పోయిన చోట కుంభాకార అద్దాలు వచ్చాయి కానీ వాటిని చూసే అలవాటు వాటితోపాటు రాదు. ఒంటరిగా నడపబోయేవాడు పరీక్షకు ముందు సాధన చేయాల్సిన మొదటి సంగతి ఇదే: సూచిక వేయకముందే ఎడమ అద్దం, తిరుగుతుండగా మళ్లీ ఎడమ అద్దం.

సరుకు నేర్పే డ్రైవింగు

లారీ నడపడమంటే సరుకును నడపడం. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎత్తుగా పేరుస్తారు. బరువు పైకి చేరుతుంది కాబట్టి మలుపులో బండి పక్కకు వాలుతుంది. చీమకుర్తి గ్రానైటు బ్లాకు ఎత్తు తక్కువే కానీ, కింద దిమ్మెలు సరిగా లేక గొలుసులు బిగిసి ఉండకపోతే గట్టి బ్రేకుకు అది ముందుకు జారి క్యాబిన్ మీదికి వస్తుంది. ఊక లోడు తేలిక, కానీ గాలివాటుకు ఊగుతుంది, రోడ్డు వెడల్పంతా అదే ఆక్రమిస్తుంది. నిండు ట్యాంకరు కంటే సగం నిండిన ట్యాంకరు ప్రమాదం. లోపలి ద్రవం బ్రేకు వేసిన క్షణం తర్వాత ముందుకు వచ్చి గుద్దుతుంది, ఆగిందనుకున్న బండి కదులుతుంది. కైకలూరు నుంచి ఐసులో బయల్దేరిన చేపలకు ఇంకో గుణం ఉంది. అవి డ్రైవరును తొందరపెడతాయి. తొందరను అదుపులో పెట్టుకోవడం కూడా ఆ లోడు నేర్పే విద్యే.

బస్తాలు ఎక్కడ ఎలా పేర్చారో, తాడు ఎన్ని అడ్డాలుగా లాగారో, ముడి ఎక్కడ పడిందో స్వయంగా చూసినవాడే స్టీరింగు పట్టుకుంటే మొదటి మలుపుకే బండి ఏం చెబుతోందో తెలుస్తుంది. కొన్ని కిలోమీటర్లు వెళ్లాక ఆగి తాళ్లు మళ్లీ బిగించడం క్లీనర్లకు ఆనవాయితీ. కుదుపులకు సరుకు సర్దుకుని తాడు వదులవుతుంది కనుక.

ఎక్కిన గేరులోనే దిగాలి

1954లో జంషెడ్‌పూర్‌లో టాటాల టెల్కో కంపెనీ జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది. మన ఊళ్లలో వాటిని "టాటా బెంజి" అన్నారు. మద్రాసు ఎన్నూరు నుంచి లేలాండ్లు వచ్చాయి. పాతకాలపు గేరుబాక్సులు చాలావరకు మొండివి. ఒకసారి క్లచ్ తొక్కి గేరు మార్చబోతే పళ్లు నలిగేవి. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, గేరు తగ్గించేటప్పుడైతే యాక్సిలరేటర్ కాస్త తొక్కి ఇంజన్ వేగం పెంచి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. ఇదే డబుల్ క్లచ్. ఇప్పటి సింక్రోమెష్ బళ్లకు దాని అవసరం లేదు. కానీ అది నేర్పిన గుణం పోకూడదు: ఇంజన్ వేగం, బండి వేగం, రెండూ చెవితో కలపడం.

ఆ చెవి పనికొచ్చేది ఘాట్ రోడ్డులో. దోర్నాల నుంచి శ్రీశైలం, గిద్దలూరు నంద్యాల మధ్య నల్లమల, మారేడుమిల్లి నుంచి చింతూరు. ఈ దారుల్లో తిరిగిన డ్రైవర్లందరి నోటా ఒకటే మాట: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. దిగడం మొదలుపెట్టాక గేరు తగ్గించుకోబోతే న్యూట్రల్లో ఇరుక్కుపోవచ్చు. అందుకే అంచు మీదే గేరు ఎంచుకోవాలి. బరువును ఇంజను, ఎగ్జాస్ట్ బ్రేకు పట్టుకోవాలి. కాలి బ్రేకును అవసరానికి దాచుకోవాలి. దిగువంతా బ్రేకు మీదే కాలు ఉంచితే డ్రమ్ములు కాలి లైనింగుకు పట్టు పోతుంది. మాటిమాటికీ తొక్కి వదిలితే ట్యాంకులో గాలి తగ్గిపోతుంది. గాలి మరీ పడిపోతే వెనక చక్రాల స్ప్రింగు బ్రేకులు వాటంతటవే బిగుసుకుంటాయి. మలుపులో అలా జరిగితే బండి ఎటు పోతుందో చెప్పలేం.

ఈ క్లీనర్ల గురుకులం చెడ్డ పాఠాలూ చెప్పింది. డీజిలు మిగులుతుందని వాలులో న్యూట్రల్ చేసి వదలడం వాటిలో అతి చెడ్డది. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిలు సరఫరా దానంతటదే ఆగుతుంది. న్యూట్రల్‌లో మిగిలేది ఏమీ ఉండదు, పోయేది మాత్రం ఇంజన్ పట్టు. ఇంకొందరు ఇంజనే ఆపేస్తారు. దాంతో పవర్ స్టీరింగు బరువెక్కుతుంది, గాలి నింపే కంప్రెసర్ ఆగిపోతుంది.

బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ అని కాగితాల మీద ఉంటుంది. జనం నోట బ్రేకు ఇన్‌స్పెక్టరే. ఆయన ముందుకు వెళ్లే దారి 1988 మోటారు వాహనాల చట్టం గీసింది. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. ముందు తేలికపాటి వాహనాల లైసెన్సు తీసుకుని ఏడాది గడవాలి. అప్పుడే లారీ నేర్చుకోవడానికి లెర్నర్ లైసెన్సు, అంటే ఎల్‌ఎల్‌ఆర్. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. 2019లో తీసేశారు. చదువు లేకపోయినా చేతిలో పని ఉన్న ఎందరికో అది తలుపు తెరిచింది. డాక్టరు ధ్రువపత్రం తప్పనిసరి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలగాలి. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ పత్రం జత చేయాలి. కాబట్టి ఎంత ఆరితేరిన క్లీనరైనా స్కూలు గడప తొక్కాల్సిందే.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత ట్రాకు పరీక్ష. క్లీనర్లుగా చేసినవారు ఇక్కడ తడబడేది నైపుణ్యం లేక కాదు, పద్ధతి లేక. ఎక్కేముందు బండి చుట్టూ తిరగడం వాళ్లకు అలవాటే. ఎక్కాక సీటు, అద్దాలు సర్దుకోవడం, గాలి ముల్లు పైకి వచ్చేదాకా ఆగడం, హ్యాండ్‌బ్రేకు చూసుకోవడం, సిగ్నల్ ఇవ్వడం మాత్రం అధికారికి కనపడేలా చేయాలి. హెచ్ ఆకారపు ట్రాకులో వెనక్కి వెళ్లేటప్పుడు వేగం నడక వేగాన్ని మించకూడదు. చూపు వెనక చక్రం అంచు మీద ఉండాలి. బండి నిలబడి ఉండగా స్టీరింగు తిప్పితే టైర్లు అరుగుతాయి, అందాజూ పోతుంది. కదులుతుండగానే తిప్పాలి. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించేటప్పుడు క్లచ్ పట్టే చోటు చేతికీ కాలికీ తెలియాలి. పట్టిన తర్వాతే హ్యాండ్‌బ్రేకు వదలాలి.

హైవే మీద ముందు లారీ కుడి సూచిక వేస్తే "దాటుకుని పో" అనో, "తిరుగుతున్నా" అనో డ్రైవర్లు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. పరీక్షలో ఆ భాష చెల్లదు. సూచికకు ఒకటే అర్థం. పరీక్ష తప్పితే ఏడు రోజులు, మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. లైసెన్సు చేతికొచ్చాక అయిదేళ్లకోసారి మార్పించుకోవాలి.

ఏది ఉంచాలి, ఏది వదలాలి

పాత పద్ధతిని మురిపెంగా తలుచుకోవడం తేలిక. అందులో పన్నెండు పదమూడేళ్ల పిల్లలు చదువు మాని టైర్ల కింద పడుకున్నారు. తిండికే పని చేశారు, తన్నులు తిన్నారు, రోజుల తరబడి నిద్రలేకుండా తిరగడం మగతనమని నేర్చుకున్నారు. డ్రైవరుకు రోజుకు ఎనిమిది గంటల పనే అన్న చట్టం 1961లోనే వచ్చింది. గురువులు దాన్ని శిష్యులకు చెప్పలేదు, యజమానులు అసలే చెప్పలేదు. ఇవన్నీ పోవాల్సినవే.

పోకూడనిది ఆ వరుస. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో భారీ వాహనాల కోర్సు ఆరు వారాలు, 38 గంటలు. అక్కడ పాసైనవారికి రవాణా శాఖ ట్రాకు పరీక్ష నుంచి మినహాయింపు. అంటే ఆ 38 గంటలే అసలు పరీక్ష. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలోనూ, ప్రకాశం జిల్లా దర్శిలోనూ ఇలాంటి పెద్ద కేంద్రాలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల మొదటి వారం తాళంచెవి ఇవ్వకుండా నేర్పవచ్చు. రాడ్డు ఇచ్చి టైర్లు కొట్టించాలి. వెనక నిలబెట్టి ఇంకొకరి రివర్సు చూపించాలి. బస్తాలు పేర్పించి, తాడు కట్టించి, తప్పుగా పేర్చిన లోడుతో బండి ఎలా వాలుతుందో మైదానంలో చూపించాలి. ఆ తర్వాతే క్యాబిన్.

స్కూలు అలా చెప్పకపోయినా నేర్చుకునేవాడు చేయగలిగింది ఉంది. స్కూలు గంటలు అయ్యాక దగ్గర్లోని లారీ స్టాండుకు వెళ్లి, పద్దెనిమిది దాటినవాడిగా, కూలి మాట్లాడుకుని ఏ డ్రైవరు దగ్గరైనా కొన్నాళ్లు సాయంగా తిరగొచ్చు. దించే సరుకు, ఎక్కే సరుకు, కాటా దగ్గర వచ్చిన తూకం గమనిస్తే చాలు, పుస్తకంలోని గుర్తులకు అర్థం వస్తుంది. గల్ఫ్ దేశాలకు ట్రైలర్ డ్రైవర్లుగా వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్లు అక్కడ కుడివైపు రోడ్డు మీద మళ్లీ కొత్తగా పరీక్ష రాయాల్సి వచ్చినా, వాళ్లను గట్టెక్కించేది ఇలా వచ్చిన విద్యే. రోడ్డు వైపు మారుతుంది, పరీక్ష మారుతుంది. బరువు ప్రవర్తన ఏ దేశంలోనైనా ఒకటే. దాన్ని ముందు నేర్చుకుని స్టీరింగు తర్వాత పట్టుకున్నవాడి హెవీ లైసెన్సును నమ్మి, అతనికి ఏ లోడైనా అప్పజెప్పవచ్చు.