‘ప్రేమింపవలెను’: తెలుగు క్రైస్తవ సాహిత్యంలో దైవప్రేమకు హేతువు

తెలుగు క్రైస్తవ కీర్తనలను భక్తి సాహిత్యంలో ఒక శాఖగా పరిగణించడం మన విమర్శలో అలవాటుగా వస్తోంది. పల్లవి చరణాల నిర్మాణం, రాగతాళ నిర్దేశం, ఆర్తి, శరణాగతి వంటి లక్షణాలను బట్టి చూస్తే ఈ వర్గీకరణ సమంజసంగానే కనిపిస్తుంది. అయితే క్రైస్తవుడు దేవుణ్ణి ఎందుకు ప్రేమించాలి అన్న ప్రశ్నకు ఈ కీర్తనల మూలగ్రంథం ఇచ్చే సమాధానాన్ని పరిశీలించకుండా ఈ వర్గీకరణతో తృప్తిపడలేం. ఆ సమాధానం ఏమిటి, అది మన పఠన పద్ధతిని ఎలా మారుస్తుంది అన్నవి ఈ వ్యాసంలో చర్చించే అంశాలు.

ద్వితీయోపదేశకాండం ఆరవ అధ్యాయంలో దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించమని ఇశ్రాయేలీయులకు చెప్పే చోట తెలుగు బైబిలు ‘ప్రేమింపవలెను’ అనే విధ్యర్థక రూపాన్ని వాడింది. ‘భక్తి’ అనే మాట అనువాదకులకు తెలియనిది కాదు. దేవుని పట్ల ఉండవలసిన భయాన్ని చెప్పే అనేక సందర్భాల్లో వారు ‘భయభక్తులు’ అనే జంటపదాన్ని ఎంచుకున్నారు. అక్కడ భక్తి భయంతో జతకూడింది. ప్రేమ వేరుగా నిలిచింది. ఈ విభజన వల్ల మూలంలోని సమస్య తెలుగులో మరింత స్పష్టమైంది. భయపడమని, సేవించమని ఆజ్ఞాపించవచ్చు. ప్రేమించమని ఆజ్ఞాపించడం ఎలా సాధ్యం?

దీనికి సమాధానం ఆ అధ్యాయంలోనే ఉంది. ఈ కట్టడలకు అర్థమేమిటని కొడుకు అడిగినప్పుడు తండ్రి చెప్పవలసింది తత్త్వం కాదు, ఒక వృత్తాంతం: ఐగుప్తులో తాము దాసులుగా ఉన్నారని, దేవుడు తమను విడిపించాడని. తర్వాతి అధ్యాయం మరో అడుగు వేస్తుంది. ఇశ్రాయేలీయులు సంఖ్యలో అధికులు కావడం వల్ల దేవుడు వారిని ఎన్నుకోలేదు; తాను ప్రేమించడం వల్లనే, వారి పితరులకు చేసిన ప్రమాణం వల్లనే ఎన్నుకున్నాడు. కొత్త నిబంధనలో యోహాను మొదటి పత్రిక దీనినే సూత్రప్రాయంగా చెబుతుంది. ముందు ప్రేమించినవాడు దేవుడు. మనిషి ప్రేమ దానికి ప్రతిస్పందన. కనుక ‘ప్రేమింపవలెను’ అన్నది లేని అనురాగాన్ని బలవంతంగా పుట్టించే శాసనం కాదు, పొందిన ప్రేమను మరచిపోవద్దన్న హెచ్చరిక.

భాగవత సంప్రదాయంలో ఉత్తమ భక్తి అహైతుకం. ఫలాపేక్ష లేకపోవడమే దాని ఔన్నత్యం. బైబిలు చెప్పే మానవ ప్రేమకు మాత్రం స్పష్టమైన హేతువు ఉంది. అహైతుకత్వం అక్కడ దేవుని వైపున కనిపిస్తుంది. అయితే ఈ భేదాన్ని నిరపేక్షంగా తీసుకోరాదు. శ్రీవైష్ణవంలోని నిర్హేతుక కృపాభావన కూడా భగవంతుని చొరవకే ప్రాధాన్యమిస్తుంది. ఒక సంప్రదాయం నిర్హేతుకమని, మరొకటి సహేతుకమని ముద్ర వేయడం కంటే, ఒక రచనలో ప్రేమ ఎవరి నుంచి మొదలవుతున్నదో గమనించడం విమర్శకు ఉపయోగకరం.

హేతువున్న ప్రేమ ఋణం తీర్చుకోవడంగా మారదా అన్న ఆక్షేపణ సహజం. 12వ శతాబ్దపు క్రైస్తవ సన్యాసి, క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ దైవప్రేమపై రాసిన గ్రంథంలో ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాడు. దేవుణ్ణి ప్రేమించడానికి కారణం దేవుడేనని, ఆ ప్రేమకు కొలత లేదని అతని వాదం. ప్రేమకు ప్రతిఫలం లభించవచ్చు గాని, ప్రతిఫలం కోసం ప్రేమించడం ప్రేమ కాదని అతడు వివరించాడు. కృతజ్ఞతకూ బేరానికీ మధ్య ఉన్న భేదం ఇదే.

ఈ దృష్టితో పురుషోత్తమ చౌధరి (1803-1890) కీర్తనలను చదివితే ‘ఆర్తి’ అన్న మాట చాలదనిపిస్తుంది. చెరసాలలో ఉన్న రామదాసు ఆర్తి ఇంకా రాని రక్షణ కోసం. అందుకే అందులో నిష్ఠూరం ఉంది. చౌధరి కీర్తనల్లో పదేపదే వచ్చే సిలువ, క్షమాపణ జరిగిపోయిన కార్యాన్ని గుర్తుచేస్తాయి. ఇద్దరిదీ వేడుకోలే అయినా, కాలం వేరు. స్మరణ మీద నిలిచిన వేడుకోలుకు కృతజ్ఞతే స్థాయిభావం.

అయితే కృతజ్ఞత దేవుని సన్నిధిలోనే ఆగిపోతే ఆ ఆజ్ఞ సగమే నెరవేరుతుంది. మార్కు సువార్త పన్నెండవ అధ్యాయంలో యేసు దైవప్రేమను పొరుగువాని ప్రేమతో జతచేశాడు. కనిపించే సోదరుణ్ణి ప్రేమించనివాడు కనిపించని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను పత్రిక వాదం. తెలుగులో ఈ పరీక్షకు పదును పెట్టినవాడు జాషువా. తనను విశ్వనరుడిగా చెప్పుకున్న ఆ కవిని ఒక మతానికి పరిమితం చేయలేం. అయినా 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘క్రీస్తు చరిత్ర’ను ‘గబ్బిలం’ పక్కన పెట్టి చదవాలి. గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, అంటరానివాడు వెళ్లలేడు. దేవుణ్ణి ప్రేమిస్తున్నామనే సమాజం పొరుగువానికి ఏం చేసిందన్న ప్రశ్న ఆ కావ్యంలో ఉంది. కులాన్ని విడిచిపెట్టని క్రైస్తవ సంఘాన్ని కూడా ఈ ప్రశ్న వదిలిపెట్టదు.

కనుక తెలుగు క్రైస్తవ సాహిత్యాన్ని భక్తి శాఖ నుంచి తొలగించనవసరం లేదు. దాని అధ్యయనానికి రెండు ప్రశ్నలు చేర్చాలి. ఈ రచనలో ప్రేమ ఎక్కడ మొదలైంది? అది ఎవరిదాకా చేరింది? మొదటి ప్రశ్న చౌధరిని కొత్తగా చూపిస్తుంది. రెండవది జాషువాను ఈ చర్చ మధ్యలోకి తెస్తుంది.