బొమ్మల పుస్తకములలోని క్రొత్త యిండ్లు

ఇల్లు కట్టి చూడుమని మన పెద్దలనిరి. ఇప్పటివారు చూచి కట్టుచున్నారు. బిజినేపల్లి బాటకు ఇరుప్రక్కల నీ పది పదునైదేండ్లలో లేచిన యిండ్లను పరికించితిమేని, వానిలో మేస్త్రి యనుభవముకంటె బొమ్మ యధికారమే హెచ్చుగా కానవచ్చును. యజమాని చేతిఫోనులో నొక బొమ్మ చూపును. మేస్త్రి దానిని వ్రేళ్ళతో పెద్దదిచేసి చూచి తలయూపును. ఒక కుటుంబము ముప్పదియేండ్లు బ్రదుకవలసిన యిల్లు అంతటితో నిర్ణయమైపోవును. ఆ బొమ్మలు ఆకాశమునుండి యూడిపడినవి కావు. నూరేండ్లుగా పాశ్చాత్యదేశములందును, తరువాత మనదేశమందును, మెఱుగుకాగితముపై నచ్చువడుచున్న నవీనవాస్తువిషయక సచిత్రగ్రంథములు వానికి మూలము. వేల రూపాయల వెలయు, చేతులు నొచ్చునంతటి బరువును గల యా పుస్తకములు మన గృహస్థుల కందవు గాని, వాని సంతతియగు చిత్రములు మాత్రము మన వంటయింటిదాక వచ్చినవి. కావున వీని విమర్శ పండితులకు విడిచిపెట్టదగిన వినోదము కాదు. ఇల్లు కట్టదలచినవాడును, ఆ యింట తెల్లవారుజామునుండి ప్రొద్దుపోవువఱకు మెలగవలసిన యిల్లాలును పట్టించుకొనవలసిన పని యిది.

మన ప్రబంధములలో పురవర్ణన మొక యావశ్యకాంగము. మేడలు చంద్రుని నొరయును. సౌధాగ్రములందలి పతాకలు సూర్యుని గుఱ్ఱములకు వీవనలగును. ఆ పురమున చెత్త యెచ్చట పోయుదురో, నూతినీరెవరు తోడుదురో కవి చెప్పడు. చెప్పుమని మనమును అడుగము. అతిశయోక్తి యని యెఱిగియే యానందింతుము. ఛాయాచిత్రము విషయమున మన కా మెలకువ లేదు. కవిమాట కల్పన, కెమెరా చూపు సత్యము అని నమ్మియున్నాము. ఈ గ్రంథముల పుటలు తిరుగవేసినచో తెలియును: ఆ యిండ్లలో తఱచుగా మనుష్యులుండరు. దండెముపై నారవేసిన చీరయుండదు; గుమ్మమున విడిచిన చెప్పులుండవు; తాతగారి మంచముండదు. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్న మసలే యుండదు. ఆకాశము నీలముగా, లోపలి దీపములు పసిమిగా నెప్పుడును సంజవేళయే. ఇదియు నతిశయోక్తియే. అలంకారశాస్త్రము చదివినవాడు పద్యమునందు పట్టగలిగినదానిని పటమునందును పట్టగలుగవలెను.

ఈ విద్యకు గురువులలో నొకడు లె కార్బూజియె. స్విట్జర్లాండున పుట్టి పారిసున స్థిరపడిన యీ వాస్తుశిల్పి 1923లో 'వెర్ యూన్ ఆర్కితెక్తూర్' అను పుస్తకము ప్రకటించెను. గ్రీకుల దేవాలయమునకు సరసన మోటారుకారును నిలిపి చూపిన గ్రంథమది. అమెరికాఖండములందలి ధాన్యపు గాదెల ఛాయాచిత్రములను అందు సౌందర్యమునకు నిదర్శనములుగా చేర్చెను. బ్యూనస్ ఎయిరీసు నగరపు గాదె యొకదానిపై నిజముగా త్రికోణాకారపు శిరోభాగము లుండెను. చిత్రమునుండి వానిని చెఱిపివేసి, నున్నని గుండ్రని గోడలను మాత్రమే మిగిల్చి యచ్చొత్తించెను. ఆభరణములు వలదని వాదించు గ్రంథమున సాక్షియొంటి యాభరణములను వాదియే యొలిచెనన్నమాట! అయినను ఆ పుస్తకమును నేను తక్కువచేయను. యంత్రయుగమున సామాన్యకుటుంబమునకును వెలుతురు గల గది, గాలి యాడు పడక, శుభ్రమైన స్నానపుగది సమకూర్పవచ్చునను తలంపును అది లోకమున గట్టిగా నాటినది. బొమ్మ బొంకినను తలంపు బొంకుకాదు.

1932లో హెన్రీ రస్సెల్ హిచ్‌కాక్, ఫిలిప్ జాన్సన్ అను నమెరికను లిరువురు 'ది ఇంటర్నేషనల్ స్టైల్' అను గ్రంథము తెచ్చిరి. న్యూయార్కులోని ఆధునికకళాసంగ్రహాలయమున జరిగిన ప్రదర్శనమున కిది తోడుగ్రంథము. కట్టడము బరువుగాక యావరణముగా తోపవలెననియు, సౌష్ఠవమునకు మాఱుగా క్రమముండవలెననియు, పైపూతగా నతికిన యలంకారము కూడదనియు మూడు సూత్రములు చేసిరి. మూడును కంటికి సంబంధించినవే. ఆ పుస్తకమున పనివారి నివాసములును కలవు. కాని అద్దె యెంత, ఆ యింట నెందఱు పడుకొందురు అను ప్రశ్నలకు ఆ సూత్రములలో చోటు లేదు. ఇంటిని వేషముగా చూచు దృష్టి యిక్కడ బలపడినది. మన యూళ్ళలో సిమెంటు గోడపై గాజుపలకలు బిగించి 'ఎలివేషను' అని మురియువారు ఈ గ్రంథకర్తల పేర్లు వినకపోయినను వారి శిష్యులే.

మనదేశమున ముల్క్ రాజ్ ఆనందుగారు 1946లో స్థాపించిన 'మార్గ్' పత్రిక నవీనవాస్తువును ప్రాచీనశిల్పముతో కలిపి చూపుటకు పూనుకొన్నది. అంతకు ముందే మన నేలపై నొక గొప్ప కట్టడము లేచియుండెను. పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమవాసుల వసతిగృహమునకు 'గోల్కొండ్' అని పేరు. తెలుగువారు ఈ పేరు వినగానే చెవి నిక్కింతురు, నిక్కింపవలసినదే. నిజాము ప్రభుత్వమునుండి సర్ అక్బర్ హైదరీగారి మూలమున వచ్చిన ధనము ఈ కట్టడమునకు ఆధారము. మన గోలకొండపేరు దానికి పెట్టుటకు కారణ మదియే. జపానున పనిచేయుచుండిన ఆంటొనిన్ రేమండు దీని శిల్పి. ఆయన పనివాడుగా వచ్చిన జార్జి నకషీమా అచ్చటనే యుండి పర్యవేక్షించెను. ఈయనయే తరువాతికాలమున కొయ్యసామాను పనితనమున ప్రసిద్ధుడైనవాడు. 1937లో పని మొదలిడి యుద్ధకాలమున సాగించిరి. ఆశ్రమవాసులే పనిలో చేయి కలిపిరి.

ఈ భవనముపై పంకజ్ వీర్ గుప్త, క్రిస్టీన్ ముల్లర్, సైరస్ సమీ అనువారు 2010లో ప్రకటించిన ఆంగ్లగ్రంథము నా దృష్టిలో మెచ్చదగినది. అందలి ఛాయాచిత్రములు అందమైనవే. కాని గ్రంథమునకు ప్రాణము నిలువుకోత పటములు. భవనము తూర్పుపడమరలుగా సాగి, ఉత్తరదక్షిణములకు మొగము పెట్టియున్నది. కిటికీలు లేవు; గోడకు బదులు పైనుండి క్రిందివఱకు వాలుపలకలు. వానిని త్రిప్పినచో గాలి వచ్చును, ఎండ రాదు, దారినపోవువాని చూపును రాదు. గదికిని నడవకును నడుమ జరుపుడు తలుపులు; వాని సందులనుండి గాలి పోవును గాని మఱుగు చెడదు. పైకప్పుపై వంపు తిరిగిన కాంక్రీటు పలకలు పేర్చి, నడుమ గాలికి సందు విడిచిరి. ఎండ పైపలకను కాల్చును, లోని స్లాబును చేరదు. ఇది బొమ్మలో కానరాదు. నిలువునకోసిన పటమున వ్రేలుపెట్టి చూపిన బడిపిల్లవానికైనను తెలియును. మన మేడిండ్లలో రాత్రి రెండుగంటలకును స్లాబు పొయ్యివలె వేడి క్రక్కుచుండగా, బిందెతో నీరు పైకి మోసి కప్పు తడుపు ఇల్లాండ్రకు ఈ యొక్క పటము నూఱు సంజవేళ చిత్రములకంటె మేలు.

1930లో సికిందరాబాదున పుట్టిన ఛార్లెస్ కొరియాగారి గ్రంథములందును ఈ గుణము కలదు. హైదరాబాదులోని ఈ.సీ.ఐ.ఎల్. కార్యాలయభవన మాయన రచనయే. కాని ఆయనను తెలిసికొనుటకు నే నెన్నుకొను పటము అహమ్మదాబాదులోని సన్నని యిల్లు, 'ట్యూబ్ హౌస్'. వాలుకప్పు క్రింద వేడిగాలి మీదికి జాఱి శిఖరమునుండి వెడలిపోవును; క్రిందినుండి చల్లగాలి వచ్చి యా చోటు నింపును. ఆ యిల్లిప్పుడు లేదు, పడగొట్టిరి. పటము మిగిలినది. ఢిల్లీలో రాజ్ రేవాల్, మహేంద్రరాజ్ గారలు 1972లో నిలిపిన 'హాల్ ఆఫ్ నేషన్స్' గతియు నింతే. 2017 ఏప్రిలులో దానిని కూల్చివేసిరి. సచిత్రగ్రంథమున కిట్టి ప్రయోజనము కలదని యొప్పుకొనక తప్పదు. పాడైన దేవళమునకు శాసనమువలె, కూలిన కట్టడమునకు పుస్తకము సాక్షి.

ఆ హాలు విషయమున నింకొక మాట. ఉక్కుతో కట్టదగిన పంజరమును, ఉక్కు ఖరీదు తాళలేక, కాంక్రీటుతో మనుష్యుల చేతులమీద పోసి కట్టిరి. ఆ చేతు లెవరివి? శిల్పిపేరు, ఇంజనీరుపేరు, ఛాయాచిత్రకారునిపేరు వేయు గ్రంథములు తట్ట మోసినవారి యూరైనను వేయవు. పాలమూరు కూలీలనగా దేశమంతట నెఱుగుదురు. ఆనకట్టలకును, కాలువలకును, నగరముల పునాదులకును మట్టి త్రవ్వి మోసినవారు మా ప్రాంతపువారు. పిల్లలను ముసలివారి యొద్ద విడిచి, తాటియాకు గుడిసెలలో నుండి వారు పరుల మేడలు కట్టిరి. వాస్తుగ్రంథపు చిత్రమున మనుష్యులు లేకపోవుట కేవలము సొంపుకొఱకే యని నే ననుకొనను. మనుష్యుడు కనబడినచో కూలి సంగతి యడుగవలసివచ్చును.

కనబడని మఱియొక స్థలము వంటయిల్లు. ఆస్ట్రియాదేశపు స్త్రీ వాస్తుశిల్పి మార్గరెటె షూట్టె-లిహోత్స్కీ 1926లో ఫ్రాంక్‌ఫర్టు నగరపు ప్రజాగృహముల కొక వంటగది నేర్పరించెను. ఇల్లాలు వంటలో నెన్ని యడుగులు వేయుచున్నదో లెక్కించి, పొయ్యి, తొట్టి, అలమర లెంత దూరమున నుండవలెనో నిర్ణయించిన గది యది; వెడల్పు రెండు మీటర్లకు లోపు, పొడవు మూడున్నర మీటర్లకు లోపు. సుమారు పదివేల యిండ్లలో నట్టివి పెట్టిరి. ఒంటరిగా వంటచేయు నొక స్త్రీని మనసున నుంచుకొని గీచిన గది గనుక, తల్లియు కోడలును కూడ పనిచేయు మన యిండ్లకది యుక్కిరిబిక్కిరి కావచ్చును. కాని ప్రశ్న సరియైనది: ఈ యింట ఎవరు ఎన్నిమారులు వంగి లేతురు? ఇప్పటి మెఱుగుపుస్తకములలో వంటయిల్లున్నను, అందు నల్లరాతి తిన్నెపై నొక నిమ్మపండ్ల గిన్నె యుండును. పోపు వేయగా లేచిన ఘాటు ఎటు పోవునో చిత్రకారు డెఱుగడు.

ఇక నేను మనసారా మెచ్చు పుస్తకములు, చూచుటకు పుస్తకములవలె నుండనివి. లారీ బేకరుగారు 1917లో బర్మింగుహామున పుట్టి, మనదేశమున స్థిరపడి, 2007లో తిరువనంతపురమున పరమపదించిరి. తక్కువవ్యయపు ఇండ్లను గూర్చియు, మట్టిగోడలను గూర్చియు ఆయన చిన్న చిన్న ఆంగ్లపుస్తకములు వ్రాసిరి. అక్షరములు ఆయన చేవ్రాతయే, బొమ్మలు ఆయన గీతలే. ఇంటికి కావలసిన సరకు లైదుమైళ్ళలోపల దొరకునవై యుండవలెనని గాంధీమహాత్ముడు తనకు చెప్పినమాట తన్ను నడిపినదని ఆయన చెప్పుకొనుచుండెడివారు. పుటకు రెండు బొమ్మలు: ఒకటి మనము చేయు దుబారా, రెండవది చేయదగిన పద్ధతి. ఇటుకలను ప్రక్కవాటుగా నిలిపి, నడుమ బోలుగా కట్టినచో నాలుగింట నొకపాలు ఇటుక మిగులును. ఆ బోలులోని గాలి యెండవేడిని లోనికి రానీయదు. స్లాబు అడుగుభాగమున బరువును లాగిపట్టునది యినుము. అక్కడి కాంక్రీటులో కొంత ఊరక బరువే. అచ్చట పాతపెంకులు పెట్టి పోయుడనును. ఇందులో రహస్యవిద్య లేదు. చదివినవాడు మేస్త్రితో వాదింపగలడు. చదువరిని బెదరించి నోరు మూయించు పుస్తకమునకును, వానికి నోరిచ్చు పుస్తకమునకును భేద మిక్కడ తేటపడును.

బేకరుగారి దోషమును చెప్పక విడువరాదు. ఆయన గీచిన యిండ్లు మలయాళదేశపు వానకు తగినవి. వాలుకప్పులు, పొడుగుచూరులు మా మెట్టనేలకు అంతగా నవసరము లేదు. ఆయన యుపదేశమును పట్టవలెను గాని యాయన బొమ్మను కాపీచేసిన నదియు నొక వేషమే యగును. అట్లే మా మట్టిమిద్దెలనుగూర్చి పట్టణవాసులు వ్రాయు స్తోత్రములును నాకు రుచింపవు. మూడడుగుల మందపు గోడ, దూలములపై వాసములు, వానిపై చౌటిమన్ను, వేసవిలో చల్లదనము: ఇది నిజము. ఏటేట మన్ను పోయకున్న కాఱుటయు, ముసురు పట్టిన కూలుటయు, చీకటిమూలల తేళ్ళును నిజమే. హసన్ ఫతీ అను ఈజిప్టు వాస్తుశిల్పి మట్టియిటుకలతో న్యూ గుర్నా అను పల్లె కట్టి, ఊరివా రందు కాపురముండుట కిష్టపడని కథను తన గ్రంథమున దాచక చెప్పెను. 1973లో నది 'ఆర్కిటెక్చర్ ఫర్ ది పూర్' అను పేర షికాగోలో నచ్చయినది. తన పని సఫలము కాని తీరును గూడ వ్రాసిన వాస్తుశిల్పు లరుదు.

తెలుగున వాస్తుపుస్తకములకు కొఱత లేదు. సింహద్వార మెటుండవలెను, నైరుతి పెరిగిన నేమగును అను విషయముపై సంతలో నెన్నియైన దొరకును. మయమతము మొదలగు సంస్కృతగ్రంథములందు కొలతలు, కొయ్య పరీక్ష, నేల పరీక్ష మొదలైన పనివాని విద్య యంతయు నుండగా, మనవారు భయమును మాత్రమేరుకొనిరి. ఒకప్పుడు రామరాజు అను విద్వాంసు డట్లు చేయలేదు. శిల్పశాస్త్రములను పనివారితో సరిపోల్చి యతడు రచించిన ఆంగ్లగ్రంథము నలువదియెనిమిది పటములతో 1834లో లండనున నచ్చయినది. స్తంభమున కడుగునుండి శిఖరమువఱకు ప్రతిభాగమునకు పేరును కొలతయు నతడు చూపెను.

అట్టిది మన గృహములకు కావలెను. వనపర్తి సంస్థానపు రాజభవనము పాలిటెక్నికు కళాశాలకు నెలవైనది. ఆ మందపుగోడల నడుమ గూర్చుండి విద్యార్థులు కట్టడపువిద్య నేర్చుచున్నారు. వారిలో పదిమంది వేసవిసెలవులలో పాలెము, వడ్డెమాను గ్రామములకు వచ్చి, ఊరికి మూడు పాత మిద్దెలను, మూడు క్రొత్త స్లాబుయిండ్లను కొలిచి, నిలువుకోత పటములు గీచి, మధ్యాహ్నము మూడుగంటలకును రాత్రి రెండుగంటలకును లోపలి వేడిని గుర్తించి, వంట చేయువారిని పొగ సంగతి యడిగి వ్రాసిపెట్టినచో తెలుగున మొదటి ప్రకరణము సిద్ధమగును. మెఱుగుకాగిత మక్కఱలేదు. టేపు, పెన్సిలు, ఉష్ణమాపకము చాలును. పాత మిద్దెలను మాత్రము ముందుగా కొలువవలెను. వానిలో కొన్నిటి దూలములకు ఇప్పటికే చెద పట్టినది, వానకాల మెంతో దూరము లేదు.