విమానం బల్ల మీదే ఎగురుతుంది

2003 ఆగస్టు 11న ఐర్లండ్ పడమటి ఒడ్డున, మానిన్ బీచ్ అనే చోట ఒక బుల్లి విమానం దిగింది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు ఆరడుగులు. ఇంధనం నింపాక కూడా బరువు ఐదు కిలోలు దాటదు. కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌లో బయల్దేరి, 38 గంటల 52 నిమిషాల పాటు ఏకబిగిన ఎగిరి, 1,882 మైళ్ల అట్లాంటిక్‌ను దాటింది. టీఏఎమ్-5 అని దాని పేరు. బాల్సా కర్ర మీద పలుచటి ప్లాస్టిక్ పొర చుట్టి దాన్ని తయారుచేసిన మేనార్డ్ హిల్‌కు అప్పటికి 77 ఏళ్లు. కళ్లు దాదాపు కనపడవు, చెవులూ సరిగా వినపడవు. అంతకుముందు ఆయన బృందం వదిలిన విమానాలు ఒడ్డు చేరలేదు. నడిసముద్రంలో దాన్ని నడిపింది ఆటోపైలట్, జీపీఎస్. లేపడం, దించడం మాత్రం ఒడ్డున నిలబడ్డ మనుషుల చేతుల్లో రేడియో రిమోట్‌తోనే జరిగాయి.

ఐదు కిలోల హద్దులో ఇంధనానికి ఎంత, కర్రకు ఎంత, ఇంజన్‌కు ఎంత అని గ్రాము గ్రాము లెక్కగట్టింది పనిబల్ల దగ్గర. సముద్రం ఆ లెక్కను సరిచూసిందంతే. రేడియో కంట్రోల్ విమానాలు కట్టి ఎగరేసే వాళ్లందరికీ వర్తించే మాట ఇది. చూసేవాళ్ల కళ్లు రిమోట్ మీద, గాలిలో కొట్టే పల్టీల మీద ఉంటాయి. విమానం ఎలా ఎగరబోతోందో మాత్రం నేల వదలకముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది.

రేడియో కన్నా పాత విద్య

మోడల్ విమానం మనిషి ఎక్కిన విమానం కంటే ముందు పుట్టింది. 1871లో ఫ్రెంచి యువకుడు అల్ఫోన్స్ పెనో మెలితిప్పిన రబ్బరుతో తిరిగే చిన్న విమానాన్ని పారిస్‌లోని టూయిలరీ తోటలో ఎగరేసి చూపాడు. పదకొండు సెకన్లలో అది సుమారు 40 మీటర్లు వెళ్లింది. రెక్కల కొసలను కాస్త పైకెత్తడం, తోక దగ్గర చిన్న పలకను సరైన కోణంలో అమర్చడం అతని ఉపాయాలు. ఎవరూ పట్టుకోకుండానే విమానం తనను తాను సర్దుకుంటుందని వాటితో రుజువు చేశాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాడే ట్రైనర్ విమానంలో ఇవాళ్టికీ ఆ రెండూ ఉన్నాయి.

రేడియో తర్వాత వచ్చింది. అమెరికాలోని కలమజూలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో 'గఫ్' అనే విమానాన్ని రేడియోతో నడిపారు. వాల్టర్ విమానం చూసుకుంటే, హామ్ రేడియో తెలిసిన విలియం రేడియో సంగతి చూసుకున్నాడు. ఆ విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ రోజుల్లో బటన్ నొక్కితే రడ్డర్, అంటే తోక మీది నిలువు పలక, పూర్తిగా ఒక పక్కకు తిరిగేది, వదిలితే మధ్యకు వచ్చేది. మధ్యస్థంగా తిప్పే వీలు లేదు. రిమోట్ మీది స్టిక్ ఎంత కదిపితే పలక అంతే కదిలే పద్ధతి 1960లలో గానీ అందుబాటులోకి రాలేదు. అందుకే తొలితరం వాళ్లు తమంతట తాము నిలకడగా ఎగిరే విమానాలు కట్టడం నేర్చారు. రేడియో చేయలేని పనిని కర్రతో చేయించారు.

కర్ర ఎంచడం దగ్గరే సగం పని

ఈ విద్యకు మూలపదార్థం బాల్సా. ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. ఘనమీటరుకు సుమారు 160 కిలోలు తూగుతుంది. టేకు దీనికి నాలుగు రెట్లు. అయితే బాల్సా అంతా ఒక్క తీరున ఉండదు. ఒకే దుకాణంలో, ఒకే కొలత ఉన్న రెండు పలకల్లో ఒకటి మరోదానికి రెట్టింపు బరువుండవచ్చు. తెలిసినవాళ్లు తూకం వేసి, వంచి చూసి, కోత వాటం పరిశీలించి కొంటారు. సులభంగా వంగే పలక రెక్క ముందంచు మీద చుట్టడానికి పనికొస్తుంది. గట్టిగా ఉండి మచ్చలు మచ్చలుగా మెరిసేది రిబ్బులకు, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకలకు, బాగుంటుంది. రెక్క పొడవునా సాగే దూలాలను, అంటే స్పార్లను, గట్టి కర్రతో చేస్తారు. తోకకు అన్నిటికంటే తేలికది దాచిపెడతారు. తోక బరువు కేంద్రానికి దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడ పది గ్రాములు ఎక్కువైతే ముక్కు దగ్గర ఇరవయ్యో ముప్పయ్యో గ్రాముల సీసం కట్టాల్సి వస్తుంది. ఆ బరువంతా విమానం జీవితాంతం మోయాలి.

వంపు లేని చదును బల్ల మీద ప్లాను కాగితం పరిచి, జిగురు అంటకుండా పైన పలుచటి ప్లాస్టిక్ కప్పి, గుండుసూదులతో కర్రలను గుచ్చి అంటిస్తారు. రిబ్బులన్నీ ఒకేలా రావాలంటే ఒక కిటుకుంది. ప్లైవుడ్‌తో రెండు నమూనాలు కోసి, వాటి మధ్య బాల్సా ముక్కలన్నీ పేర్చి బిగించి, మొత్తాన్ని ఒకేసారి ఉప్పు కాగితంతో రుద్దుతారు. పై స్పారుకూ కింది స్పారుకూ మధ్య సన్నటి పలకలు అంటిస్తారు. వాటి చార నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే పల్టీ కొట్టేటప్పుడు రెక్క మధ్యలో విరగవచ్చు. రెక్క మొత్తంలో ఎక్కువ ఒత్తిడి పడేది నడిమి అతుకు మీద. జిగురు కక్కుర్తి అక్కడ పనికిరాదు, తక్కిన చోట్ల జిగురు ధారాళంగా పూయడమూ పనికిరాదు.

ఆ తర్వాత పైపొర. ఒకప్పుడు పలుచటి కాగితం అంటించి డోప్ అనే వార్నిష్ పూసేవారు. ఇప్పుడు వేడికి బిగిసే ఫిల్మును ఇస్త్రీ పెట్టెతో అంటిస్తున్నారు. ఒక పక్క పూర్తిగా బిగించేసి రెండో పక్కకు వెళితే రెక్క మెలిపడుతుంది. పైన కొంచెం, కింద కొంచెం, మార్చి మార్చి లాగాలి. మెలిపడిన రెక్క ఒక పక్క ముందుగా పట్టు తప్పుతుంది. దిగేటప్పుడు వేగం తగ్గగానే విమానం ఆ పక్కకు పడిపోతుంది. చూసేవాళ్లు గాలిని తిడతారు. తప్పు ఇస్త్రీ పెట్టె దగ్గర జరిగింది.

బరువు లెక్క, బిందువు లెక్క

ఒక ట్రైనర్‌ను లెక్కలోకి తీసుకుందాం. రెక్క పొడవు మీటరున్నర, వెడల్పు 25 సెంటీమీటర్లు, మొత్తం బరువు కిలోన్నర. అంటే చదరపు డెసిమీటరు రెక్క మీద 40 గ్రాములు. ఇలాంటి విమానం గంటకు సుమారు 27 కిలోమీటర్ల వేగం వరకు గాలిలో నిలవగలదు. అంతకన్నా తగ్గితే స్టాల్ అవుతుంది, రెక్క గాలిని మోయడం మానేస్తుంది. అదే కొలతల విమానాన్ని రెండుంపావు కిలోల బరువుతో కడితే ఆ హద్దు 33కు పెరుగుతుంది. ఆరు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కొత్తవాడికి దిగేటప్పుడు ఆలోచించుకునే వ్యవధి అందులోనే పోతుంది.

బరువు కన్నా ముఖ్యం అది ఎక్కడ కుదురుకుందన్నది. ఆ చోటునే సీజీ, అంటే గరిమనాభి, అంటారు. మామూలు రెక్కకు ముందంచు నుంచి వెడల్పులో 25 నుంచి 30 శాతం దూరంలో ఈ బిందువు ఉండాలి. పైన చెప్పిన రెక్కకు ఆరుంపావు నుంచి ఏడున్నర సెంటీమీటర్లు. అక్కడ రెండు వేళ్లతో ఎత్తిపడితే విమానం సమంగానో, ముక్కు రవ్వంత కిందికో నిలవాలి. సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన ప్రతి ఒక్కరికీ ఇది తెలిసిన సంగతే. సూత్రం సరిగా కట్టకపోతే ఎంత దారం వదిలినా అది గింగిరాలే కొడుతుంది. ముక్కు బరువైన విమానం బాగా ఎగరదు, తోక బరువైనది ఒక్కసారే ఎగురుతుంది అన్నది మోడలర్ల లోకోక్తి. బ్యాటరీని అటూ ఇటూ జరిపి సీజీ కుదర్చడం ఉత్తమం. సీసం ఆఖరి మార్గం.

ఇంజన్ విషయంలో తరం మారింది. పాతవాళ్ల గ్లో ఇంజన్ మిథనాల్‌తో నడిచేది. ప్లగ్గులోని ప్లాటినం తీగ మిథనాల్ తగిలి ఎర్రగా కాలుతూనే ఉంటుంది కాబట్టి స్పార్క్ అక్కర్లేదు. ఇంధనంలో ఐదో వంతు దాకా కందెన నూనె ఉండేది, అది చాలాసార్లు ఆముదమే. మిథనాల్‌లో అది బాగా కలుస్తుంది, విపరీతమైన వేడికీ తట్టుకుంటుంది. తెలంగాణ మెట్టచేలలో పండే ఆముదం గింజకు ఇలాంటి వాడుక కూడా ఉందని మనలో చాలామందికి తెలియదు. ఇప్పుడు బ్రష్‌లెస్ మోటారు, లిథియం పాలిమర్ బ్యాటరీ వచ్చి శబ్దం తగ్గింది, జిడ్డు పోయింది. ప్రమాదం మాత్రం వేషం మార్చింది. ఈ బ్యాటరీ సెల్లును 4.2 వోల్టులకు మించి ఛార్జ్ చేసినా, ఉబ్బినదాన్ని వాడినా మంట లేవొచ్చు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోకూడదు. ప్రొపెల్లర్ బిగించి ఉన్నప్పుడు బ్యాటరీ కలిపితే చేతులు దాని దారిలో ఉండకూడదు.

మైదానంలో

ఎగరేసే ముందు విమానం వెనక నిలబడి స్టిక్కులు కదిపి చూడాలి. కుడికి తిప్పితే కుడి ఐలరాన్, అంటే రెక్క వెనకంచున కదిలే పలక, లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ తన వైపు లాగితే తోక మీది అడ్డ పలక, ఎలివేటర్, పైకి లేవాలి. పలకలను కదిపే చిన్న మోటారు, అంటే సర్వో, వైరు తారుమారై ఐలరాన్లు ఎదురు తిరిగి పనిచేయడం వల్ల కూలిన విమానాలకు లెక్కలేదు. అర నిమిషం పరీక్షతో తప్పే నష్టమది. తర్వాత రేంజ్ పరీక్ష. రిమోట్ శక్తి తగ్గించి, దూరం నడిచి, అన్నీ పలుకుతున్నాయా అని చూడాలి.

లేచినా దిగినా ఎదురుగాలికే. కొత్తవాళ్లను తికమకపెట్టేది విమానం తమ వైపు తిరిగి వచ్చే ఘడియ. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. దీనికి పెద్దలు చెప్పే చిట్కా ఒకటుంది: ఏ రెక్క కిందికి వాలితే స్టిక్కును ఆ వైపుకే తోయి, వాలిన రెక్కకు ఊతమిచ్చినట్టు. దిగేటప్పుడు ఇంకొక పాఠం. ఎత్తు తగ్గుతోందని ఎలివేటర్ లాగితే ముక్కు లేస్తుంది, వేగం చస్తుంది, విమానం పడిపోతుంది. ఎత్తు కావాలంటే థ్రాటిల్ ఇవ్వాలి, వేగాన్ని ఎలివేటర్‌తో సర్దుకోవాలి. మనసు చెప్పేదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. కంప్యూటర్ సిమ్యులేటర్ మీద ఈ అలవాటు చేసుకుని, గురువు రిమోట్‌కు తన రిమోట్‌ను కలిపి నేర్చుకుంటే విమానం మిగులుతుంది.

దీనివల్ల ఒరిగేదేమిటి

బొమ్మల పనే కదా అనేవాళ్లకు నాసా చరిత్ర జవాబు చెబుతుంది. రెక్కలు లేకుండా ఒంటి ఆకారంతోనే తేలే విమానం సాధ్యమా అని పెద్దలు సందేహిస్తున్నప్పుడు, నాసా ఇంజనీరు డేల్ రీడ్ ఇంట్లో చిన్న మోడల్ చేశాడు. రేడియో విమానానికి దాన్ని తగిలించి పైకి తీసుకెళ్లి వదిలాడు. ఆయన భార్య తీసిన ఫిల్మ్ చూసి పైవాళ్లు ఒప్పుకున్నారు. అలా ప్లైవుడ్ ఒంటితో తయారైన ఎమ్2-ఎఫ్1 1963లో మనిషితో ఎగిరింది. స్పేస్ షటిల్‌ను బోయింగ్ 747 వీపు మీద మోసుకెళ్లవచ్చన్న జాన్ కైకర్ కూడా మోడలరే. నలభయ్యో వంతు సైజు రేడియో మోడళ్లు ఎగరేసి తన మాట నిలబెట్టుకున్నాడు. 1977లో ఎంటర్‌ప్రైజ్ షటిల్ నిజంగానే 747 మీంచి విడివడి గాలిలో జారుతూ నేలకు దిగింది. మనిషి కాలిబలంతో ఎగిరే గాసమర్ కాండర్‌ను అదే ఏడాది సాధించిన పాల్ మెక్‌క్రీడీ కుర్రతనంలో మోడల్ విమానాల పోటీల్లో పేరు తెచ్చుకున్నవాడే.

వీళ్లకు మోడలింగ్ ఇచ్చింది తక్కువ ఖర్చుతో తప్పు చేసే వసతి. పుస్తకంలో స్టాల్ అనేది ఒక గీత. మైదానంలో అది నెల రోజుల శ్రమ నేలకు కొట్టుకోవడం. ముక్కలు ఏరుకుని, ఏది ముందు విరిగిందో చూసి, మళ్లీ అంటించిన వాడికి ఆ గీత ఇక మరుపు రాదు. ఈ సంగతి తెలిసే కాబోలు, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్‌ను ఒక అంశంగా పెట్టారు. డ్రోన్‌లో ఈ పాఠం దొరకదు. నాలుగు మోటార్లనూ క్షణక్షణం సర్దేది దానిలోని కంప్యూటర్. స్టిక్ వదిలేస్తే అది గాలిలో ఆగి నిలబడుతుంది. అది దాని గొప్పే. కానీ రెక్క ఎందుకు మోస్తుందో, ఎప్పుడు మోయనంటుందో అది నేర్పదు.

మన దగ్గర ఇబ్బందులు లేకపోలేదు. దిగుమతి బాల్సా ఖరీదు, అందుకే చాలామంది థర్మకోల్, డెప్రాన్ అనే నురుగు షీట్లతో మొదలుపెడుతున్నారు. అందులో తప్పేమీ లేదు, పైన చెప్పిన లెక్కలన్నీ వాటికీ వర్తిస్తాయి. ఎగరేసే చోటు దొరకడం ఇంకా కష్టం. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ రన్‌వేల నడుమ ఉన్న హైదరాబాద్‌లో మరీనూ. రేడియో విమానాలకూ వర్తించే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు, విమానాశ్రయం సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగుల వరకే ఎగరేయవచ్చు. రెండు కిలోల లోపు విమానాన్ని సరదాకు నడపడానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయినా బయల్దేరే ముందు ఆ చోటు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ నియమాలు తెలుసుకోవాలి. కరెంటు తీగలకు, రోడ్లకు, జనానికి దూరంగా ఉండాలి.

ఇంట్లో పిల్లలు డ్రోన్ కావాలని అడిగితే ముందు ఒక ట్రైనర్ ప్లాను, నాలుగు డెప్రాన్ షీట్లు, ఒక చిన్న త్రాసు కొనిపెట్టండి. ఇంజనీరింగ్ కళాశాలల వాళ్లు ఏరోడైనమిక్స్ పాఠంతో పాటు ఒక పనిబల్లనూ, వారానికి ఒక ఉదయం ఆటస్థలాన్నీ విద్యార్థులకు ఇవ్వండి. కట్టినవాడే ఎగరేయాలి, కూల్చినవాడే అతికించాలి అన్న ఒక్క షరతు పెట్టండి చాలు.