పాము కాళ్లు

పాము కాళ్లు పాముకే ఎరుక అంటాం. కొండచిలువను వెల్లకిలా తిప్పి చూస్తే మనకూ తెలుస్తుంది: తోక మొదట్లో అటూ ఇటూ రెండు చిన్న గోళ్లు, ఒంట్లో చిన్న తొడ ఎముక. గుడ్డులో సంగతి ఇంకా సొగసైనది. పిండానికి వెనక కాలి మొగ్గ లేస్తుంది, పిక్క ఎముకలకూ పాదానికీ కూడా అచ్చు పడుతుంది. అంతలో ఎవరో చాలన్నట్టు అదంతా కరిగిపోతుంది.

ఆ చాలనడంలోని ఔచిత్యానికి ముగ్ధుణ్ణి నేను. కాలికి రూపు దిద్దే జన్యువు సోనిక్ హెడ్జ్‌హాగ్ (వీడియోగేమ్ హీరో పేరే, పెట్టినవాళ్ల చిలిపితనం). మెదడుకూ వెన్నుపాముకూ ముఖానికీ కూడా అదే దిక్కు. దాన్ని పాడుచేస్తే కాళ్లతో పాటు ప్రాణమూ పోతుంది. అందుకే పరిణామం దాని జోలికి పోలేదు. సుమారు 10 లక్షల డీఎన్ఏ అక్షరాల అవతల, మరో జన్యువు నడుమ, జెడ్‌ఆర్‌ఎస్ అనే తునక దాగి ఉంది. కాలి మొగ్గలో ఆ జన్యువును మేల్కొలిపే స్విచ్చి అది. పాముల్లో చెడింది అదొక్కటే కాకపోవచ్చు గానీ, అది మాత్రం చెడింది. తల మీద ఈగ వాలలేదు.

2016లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వాళ్లు ఎలుకల్లో ఆ తునక తీసి, ఇతర జీవుల తునకలు పెట్టి చూశారు. రాజనాగుది, కొండచిలువది పెడితే కాళ్లు మొండిగా మిగిలాయి. మనిషిది పెడితే మామూలు కాళ్లు. సీలకాంత్ చేపది పెట్టినా మామూలు కాళ్లే! జన్మలో నేల తొక్కని, రెక్కలతో ఈదే చేప ఆజ్ఞకు ఎలుక పాదం వేళ్లతో సహా విచ్చుకుంది. మొత్తం ప్రయోగంలో నాకు ఒళ్లు పులకరించేది ఇక్కడే. ఆ ఆజ్ఞలో కాలి బొమ్మ లేదు, రెక్క బొమ్మా లేదు. ఎక్కడ, ఎప్పుడు అన్నది మాత్రమే ఉంది. మిగతా శిల్పమంతా ఎలుక పిండానిది.

తర్వాత కొండచిలువ తునకలో రాలిపోయిన 17 అక్షరాలను పూరించి మళ్లీ ఎలుకలో పెట్టారు. కాళ్లు నిండుగా వచ్చాయి.

పాముకే ఆ అక్షరాలను తిరిగి ఇచ్చినంత మాత్రాన అది లేచి నడుస్తుందని అనుకోను. కొండచిలువకు ముందు కాళ్ల చోట మొగ్గ కూడా లేవదు.